ఇంట్లో బాతుల్ని పెంచడం ఎలా? చెరువు లేనివాళ్ల కోసం

"మా ఇంటి దగ్గర చెరువు లేదు, బాతుల్ని పెంచుకోవచ్చా?" అని చాలామంది అడుగుతున్నారు. పెంచుకోవచ్చు, చెరువు అక్కర్లేదు. కాస్త మట్టి నేల ఉన్న పెరడు, రాత్రి గట్టిగా మూసుకునే గూడు, రోజూ నీళ్లు మార్చే ఓపిక మాత్రం ఉండి తీరాలి. ఈ మూడింటిలో ఏది లేకపోయినా ప్రస్తుతానికి ఆగడమే మంచిది.

బాతులతో వచ్చే ఇబ్బందులు చాలావరకు నీళ్ల దగ్గరే మొదలవుతాయి. తల ముంచుకునేంత నీళ్లు లేకపోతే వాటి కళ్లు, ముక్కురంధ్రాలు పాడవుతాయి. అవే నీళ్లు పడుకునే చోటికి చేరితే పాదాలు, ఊపిరితిత్తులు దెబ్బతింటాయి. తడి ఎక్కడ ఉండాలో, పొడి ఎక్కడ ఉండాలో మొదటే తేల్చుకుంటే సగం పని అయిపోయినట్టే.

తెచ్చుకునే ముందు తేల్చుకోవాల్సినవి

ఒక్క బాతును తేవద్దు. బాతు గుంపులో బతికే పక్షి. ఒంటరిగా ఉంటే భయపడుతుంది, అరుస్తూనే ఉంటుంది, మేత తగ్గిస్తుంది. మీరు రోజంతా పక్కన కూర్చోలేరు కదా. కనీసం రెండు, వీలైతే మూడు తెచ్చుకోండి. మూడుంటే ఒకదానికి ఏమైనా అయినా మిగతా రెండూ తోడుంటాయి.

ఆడ, మగ లెక్క ముఖ్యం. ఒక మగ బాతుకు మూడు, నాలుగు ఆడ బాతులు ఉండాలి. ఒక ఆడదానికి ఇద్దరు మగవాళ్లయితే అది మెడ మీద ఈకలు ఊడి, వీపు గాయాలై నలిగిపోతుంది. గుడ్లు అక్కర్లేదనుకుంటే అన్నీ మగవే పెంచుకోవచ్చు. చుట్టుపక్కల ఆడవి లేకపోతే అవి చాలావరకు కలిసే ఉంటాయి. అన్నీ ఆడవైనా ఫర్వాలేదు, మగది లేకపోయినా గుడ్లు పెడతాయి. అవి పొదిగితే పిల్లలు కావు, అంతే.

పక్కింటివాళ్లకు శబ్దం ఇబ్బందనుకుంటే ఇది గుర్తుంచుకోండి: గట్టిగా అరిచేది ఆడ బాతే. మగ బాతు గొంతు బొంగురుగా, చిన్నగా ఉంటుంది. మస్కోవీ జాతిలో ఆడదీ పెద్దగా అరవదు, మగది బుసకొట్టినట్టు శబ్దం చేస్తుంది. కాల్ డక్ అనే బుల్లి జాతి చూడ్డానికి ముద్దుగా ఉన్నా గొంతు మాత్రం చాలా పెద్దది. ఇళ్లు దగ్గర దగ్గరగా ఉన్నచోట దాని జోలికి వెళ్లకండి. పెకిన్ జాతి తెల్లగా, బరువుగా ఉంటుంది, ఎగరలేదు, మనుషులకు తొందరగా అలవాటవుతుంది. ఇండియన్ రన్నర్ నిటారుగా నిలబడి పరుగెడుతుంది, బెదురు ఎక్కువ. ఖాకీ క్యాంప్‌బెల్ గుడ్లకు పేరున్న జాతి, బాగా చూసుకుంటే ఏడాదికి 300 దాకా పెడుతుంది. మొదటిసారి పెంచేవాళ్లకు నేను పెకిన్ గానీ ఖాకీ క్యాంప్‌బెల్ గానీ చెబుతాను.

బాగా చూసుకుంటే బాతు పదేళ్ల దాకా బతుకుతుంది. మీ ప్రాంతంలో ఇళ్లలో పక్షుల్ని పెంచడానికి అనుమతి ఉందో లేదో, పక్షులకు వైద్యం చేసే పశువైద్యుడు దగ్గర్లో ఉన్నాడో లేదో ముందే కనుక్కోండి. బాతుకు జబ్బు చేసిన రోజు డాక్టర్ కోసం వెతకడం మొదలుపెడితే ఆలస్యమైపోతుంది.

కావలసినవి

- గూడు: ఒక్కో బాతుకు కనీసం 4 చదరపు అడుగుల నేల
- తిరిగే చోటు: ఒక్కో బాతుకు 15 చదరపు అడుగులు, అంతకంటే ఎక్కువైతే ఇంకా మంచిది
- అర అంగుళం కన్నాల గట్టి ఇనుప జాలీ
- తాగే నీళ్లకు 10 నుంచి 15 సెంటీమీటర్ల లోతున్న బరువైన గిన్నె లేదా బకెట్
- ఈతకు పెద్ద ప్లాస్టిక్ తొట్టి, ఎక్కి దిగడానికి మెట్టు
- పొడి గడ్డి లేదా పెద్ద చెక్క పేళ్లు
- బాతుల దాణా. దొరక్కపోతే మందు కలపని కోళ్ల దాణా, బ్రూవర్స్ ఈస్ట్ (బీరు తయారీలో వాడే ఈస్ట్‌ను ఎండబెట్టిన పొడి)
- చిన్న కంకర, పొడి చేసిన ఆల్చిప్పలు
- పిల్లలైతే వెచ్చగా ఉంచే దీపం లేదా హీట్ ప్లేట్, థర్మామీటర్
- తూకం వేయడానికి కాటా

1. ముందు గూడు కట్టండి, తర్వాతే బాతుల్ని తెండి

పిల్లలు నెల, నెలన్నరలోనే దాదాపు పెద్ద బాతులంత అవుతాయి. "తర్వాత చూద్దాంలే" అనుకుంటే అట్టపెట్టెలోంచి నేరుగా ఎక్కడికి పంపాలో తెలియక టెన్షన్ పడతారు.

గూడు నేలమట్టంలో ఉండాలి. మస్కోవీ తప్ప మిగతా బాతులు కోళ్లలా కొమ్మ మీద కూర్చోవు, నేల మీదే పడుకుంటాయి. నిచ్చెనలు ఎక్కలేవు. ఎత్తు తప్పకపోతే వాలు తక్కువగా ఉండే వెడల్పాటి పలక పెట్టండి. గాలి కోసం కప్పు దగ్గర కిటికీలు ఉంచి జాలీ బిగించండి. బాతుల ఊపిరిలోనూ రెట్టలోనూ తేమ ఎక్కువ. గాలి ఆడకపోతే ఘాటు వాసన పేరుకుంటుంది. తెల్లారి తలుపు తీయగానే మీ కళ్లు మండాయంటే ఆ గాలినే అవి రాత్రంతా పీల్చాయని అర్థం.

సన్నని కోళ్ల వలను నమ్మకండి. అది బాతుల్ని లోపల ఉంచుతుంది గానీ కుక్కను, ముంగిసను బయట ఆపలేదు. గట్టి జాలీ వాడి, అంచును ఒక అడుగు లోతున నేలలో పూడ్చండి. తవ్వడం కుదరకపోతే జాలీని గూటి చుట్టూ నేల మీద అడుగున్నర వెడల్పున పరిచి రాళ్లు పెట్టండి. గడియకు ఒక కొక్కెం కూడా తగిలించండి.

కింద పరిచేది జారకూడదు, దుమ్ము రేపకూడదు, బూజు పట్టి ఉండకూడదు. సన్నని రంపపు పొట్టు ముక్కులోకి పోతుంది. బూజు పట్టిన గడ్డి వల్ల ఊపిరితిత్తులకు ఫంగస్ సోకుతుంది, దాన్ని నయం చేయడం చాలా కష్టం. గడ్డిని వాసన చూసి వేయండి. మట్టి కంపు కొడితే పారేయండి.

2. నీళ్లకు ఒక మూల కేటాయించండి

తాగే నీళ్లలో బాతు ముక్కుతో పాటు కళ్లు కూడా మునగాలి. అది తల ముంచి, ముక్కురంధ్రాల్లో ఇరుక్కున్న దాణాను కడుక్కుంటుంది. లోతులేని పళ్లెంలో ఈ పని కుదరదు. కళ్ల మూలల్లో నురగ, ముక్కు దగ్గర గట్టిపడిన మురికి కనిపిస్తే మొదట చూడాల్సింది నీళ్ల గిన్నె లోతే.

గిన్నెను దాణాకు దగ్గర్లోనే పెట్టండి. బాతు ఒక ముద్ద తింటుంది, ఒక గుక్క తాగుతుంది. నీళ్లు లేకుండా పొడి దాణా తింటే గొంతుకు అడ్డం పడే ప్రమాదం ఉంది. అయితే రెండూ పక్కపక్కనే ఆనించి పెడితే గంటలో దాణా అంతా బురదవుతుంది. నాలుగైదు అడుగుల దూరం సరిపోతుంది.

నీళ్లన్నీ పెరట్లో ఒకే మూల, గూటికి దూరంగా, వాలు ఉన్న వైపు పెట్టండి. కింద గుండ్రటి చిన్న రాళ్లు పరిచి, వాటి మీద జాలీ పలక వేస్తే ఒలికిన నీళ్లు కిందికి ఇంకిపోతాయి. పదునైన కంకర వాడొద్దు, పాదాలు కోసుకుంటాయి. ఇలా చేయకపోతే వారం తిరక్కుండా పెరడంతా చిత్తడవుతుంది, దోమలు, ఈగలు చేరతాయి.

రాత్రి గూట్లో దాణా పెట్టకపోతే పెద్ద బాతులకు నీళ్లూ అక్కర్లేదు, గూడు పొడిగా ఉంటుంది. బాగా ఉక్కగా ఉన్న రాత్రుల్లో మాత్రం ఒలకని గిన్నెలో నీళ్లు పెట్టండి. పిల్లలకైతే పగలూ రాత్రీ నీళ్లు ఉండాల్సిందే.

3. పిల్లల్ని తెస్తే వెచ్చదనం

మొదటి వారం 32 డిగ్రీల సెల్సియస్ వేడి కావాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గిస్తూ బయటి వాతావరణానికి తేవాలి. థర్మామీటర్ కంటే పిల్లలే బాగా చెబుతాయి. దీపం కింద ఒకదాని మీద ఒకటి పడి కీచుమంటుంటే చలి. దీపానికి దూరంగా పోయి నోరు తెరిచి రొప్పుతుంటే వేడి ఎక్కువ. అటూ ఇటూ చెదురుగా పడుకుని నిద్రపోతుంటే సరిగ్గా ఉంది. వేడెక్కినప్పుడు పక్కకు తప్పుకునే చోటు ఎప్పుడూ ఉంచండి.

హెచ్చరిక: దీపాన్ని తీగతో ఒకచోట, గొలుసుతో ఇంకోచోట కట్టండి. గడ్డి మీద పడితే నిప్పంటుకుంటుంది. కొనగలిగితే హీట్ ప్లేట్ మేలు.

పెట్టె అడుగున నున్నటి న్యూస్‌పేపర్ వేయొద్దు. కాళ్లు జారి రెండు పక్కలకూ విడిపోతాయి, ఆ వయసులో అది శాశ్వతమైన వంకర కావచ్చు. మొదటి రోజుల్లో గరుకైన తువ్వాలు, తర్వాత చెక్క పేళ్లు వేయండి. నీళ్ల గిన్నెలో గుండ్రటి రాళ్లు వేస్తే ముక్కు మునుగుతుంది, ఒళ్లు తడవదు.

4. దాణా

ఎక్కువ తప్పులు జరిగేది ఇక్కడే. బాతుపిల్లలకు కోడిపిల్లల కంటే నియాసిన్ అనే విటమిన్ ఎక్కువ కావాలి. కిలో దాణాలో 55 మిల్లీగ్రాముల వరకు ఉండాలి, కోళ్ల దాణాలో సాధారణంగా అంత ఉండదు. అది తగ్గితే మోకాళ్లు వాచి, కాళ్లు వంగి, పిల్ల కూర్చుండిపోతుంది. బాతుల దాణా దొరికితే ఈ గొడవే లేదు. దొరక్కపోతే కప్పు కోడిపిల్లల దాణాకు ఒక టేబుల్ స్పూన్ బ్రూవర్స్ ఈస్ట్ కలపండి. రొట్టెల పిండి పులియబెట్టే ఈస్ట్ వేరు, అది పెట్టొద్దు. దాణా కొనేటప్పుడు మందు కలపనిదేనా అని అడిగి తీసుకోండి. కోళ్ల కోసం కలిపే కొన్ని మందులు బాతులకు పడవు.

వయసును బట్టి మాంసకృత్తులు మార్చాలి. మొదటి రెండు వారాలు 20 నుంచి 22 శాతం, ఆ తర్వాత 16 నుంచి 18 శాతం. పెరిగే వయసులో అతిగా బలమైన మేత పెడితే రెక్క చివర బయటికి తిరిగిపోతుంది. దాన్ని ఏంజెల్ వింగ్ అంటారు. మొదట్లోనే గమనించి, మేత మార్చి, రెక్కను సహజంగా మడిచి కొన్ని రోజులు మెత్తని కట్టు కడితే చాలావరకు సర్దుకుంటుంది. ఎదిగాక సరిచేయలేం.

గుడ్లు పెట్టే బాతులకు కాల్షియం ఎక్కువ కావాలి. మగవాటికి, గుడ్లు పెట్టనివాటికి కాల్షియం ఎక్కువున్న దాణా రోజూ పెడితే మూత్రపిండాలకు మంచిది కాదు. అన్నీ కలిసి తింటుంటే మామూలు దాణా పెట్టి, ఆల్చిప్పల పొడి వేరే గిన్నెలో ఉంచండి. కావాల్సినవే తింటాయి. ఆకుకూరలు, పచ్చి బఠాణీలు, దోసకాయ ముక్కలు, వానపాములు ఇష్టంగా తింటాయి. రోజు మేతలో ఇలాంటివి పదో వంతుకు మించకూడదు. ఇవి పెట్టేటప్పుడు చిన్న కంకర కూడా అందుబాటులో ఉంచండి, మేత నలగడానికి అదే వాటి పళ్లు.

పెట్టకూడనివి: బ్రెడ్, అవకాడో, చాక్లెట్, ఉల్లిపాయ, ఉప్పు వేసిన వేపుడు తిండి, ఉడకని ఎండు చిక్కుడు గింజలు. బ్రెడ్ ఒక ముక్కతో చావదు, కానీ కడుపు నింపుతుంది తప్ప పోషకాలు ఇవ్వదు.

అన్నిటికంటే ప్రమాదం బూజు పట్టిన దాణా. బూజులో పుట్టే అఫ్లాటాక్సిన్ అనే విషానికి బాతుపిల్లలు మిగతా పక్షుల కంటే చాలా తొందరగా లొంగిపోతాయి. పైకి బూజు తీసేసినా విషం పోదు, ఎండబెట్టినా పోదు. మూత గట్టిగా ఉన్న డబ్బాలో, నెలలోపు అయిపోయేంత దాణాయే తెచ్చుకోండి. గడ్డకట్టినా, రంగు మారినా, తడిసి ముక్కవాసన వచ్చినా మొత్తం పారేయండి. ఇందులో పొదుపు చూడకండి.

5. ఈత

బాతుపిల్లను మొదటిరోజే నీళ్లలో వదలాలని అందరికీ అనిపిస్తుంది. తల్లి దగ్గర పెరిగే పిల్లలకు తల్లి ఈకల నూనె అంటుతుంది. యంత్రంలో పొదిగిన పిల్లలకు అది ఉండదు. ఒళ్లంతా నాని, చలికి వణికి చనిపోతాయి. మొదటి వారాల్లో గోరువెచ్చని నీళ్లు రెండు వేళ్ల లోతు పోసి, మీరు పక్కనే ఉండి, అయిదు నిమిషాలు వదిలి చాలించండి. తీసి ఆరబెట్టి, వెంటనే వెచ్చని చోటికి పంపండి. పూర్తిగా ఈకలు రావడానికి ఏడు నుంచి తొమ్మిది వారాలు పడుతుంది. అప్పుడు స్వేచ్ఛగా వదలండి.

తొట్టిలో దిగడానికీ, బయటికి రావడానికీ మెట్టు ఉండాలి. బయటికి రాలేక బాతులు కూడా మునిగిపోతాయి. నీళ్లు రోజూ, కనీసం రెండు రోజులకోసారి మార్చండి. తీసిన నీళ్లు చెట్లకు మంచి ఎరువు. పచ్చిగా తినే ఆకుకూరల మీద మాత్రం పోయకండి.

సరిగ్గా ఉందా అని చూడ్డానికి ఈత తర్వాత వీపు గమనించండి. నీటి చుక్కలు జారిపోతుంటే ఈకల నూనె బాగుంది. ఈకలు నాని ఒంటికి అతుక్కుంటే మురికి నీళ్లా, పేలా, మరేదైనా జబ్బా అని వెతకాలి.

6. రోజువారీ పని

ఉదయం వదిలేటప్పుడు ఒక్కో బాతు నడక చూడండి. గుడ్లు సాధారణంగా తెల్లవారుజామున పెడతాయి కాబట్టి మరీ చీకటితో వదిలితే పెరట్లో వెతుక్కోవాలి. గిన్నెలు కడిగి నీళ్లు నింపండి. గూట్లో తడిసిన గడ్డి తీసి పొడిది వేయండి. మధ్యాహ్నం నీడ ఉందో లేదో చూడండి. బాతు చలికి ఓర్చుకుంటుంది గానీ ఎండకు ఓర్చుకోలేదు. ముక్కు తెరిచి రొప్పుతూ, రెక్కలు ఒంటికి దూరంగా పెట్టుకుంటే వెంటనే నీడకు, చల్లని నీళ్లకు మార్చండి. చీకటి పడేలోపు లెక్కపెట్టి గూట్లోకి తోలండి. ఒకే సమయానికి, గిన్నె చప్పుడు చేసి, కాస్త బఠాణీ చూపిస్తే కొన్ని రోజులకే వాటంతట అవే వస్తాయి.

పెరట్లో మేకులు, స్క్రూలు, తీగ ముక్కలు, నాణేలు ఏరి పారేయండి. మెరిసేదల్లా బాతు మింగుతుంది. జింకు, సీసం కడుపులోకి పోతే విషమవుతుంది.

బాతుకు రెట్ట వేయడంలో నియంత్రణ ఉండదు, గంటకు మూడు నాలుగుసార్లు వేస్తుంది. శిక్షణతో మారదు. హాల్లో, పడకగదిలో తిప్పుకోవాలనే ఆలోచన ఉంటే ఈ సంగతి ముందే తెలుసుకోవడం నయం.

7. చేతికి అలవాటు చేయడం

వెంటపడి పట్టుకోవద్దు. కింద కూర్చోండి, చేతిలో మేత పెట్టుకుని కదలకుండా ఉండండి. ఎత్తాల్సి వస్తే రెండు చేతులతో రెక్కలు మడిచి ఒంటికి ఆనించి, ఒక చెయ్యి కడుపు కిందికి తెచ్చి కాళ్లకు ఆసరా ఇవ్వండి. మెడ పట్టి, రెక్క పట్టి, కాలు పట్టి ఎత్తకూడదు. వాటి కాళ్లు సుకుమారం, ఒక్క మెలికకు కీలు తప్పుతుంది.

ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కోండి. ఆరోగ్యంగా కనిపించే బాతు రెట్టలోనూ మనుషులకు జబ్బు చేసే సాల్మొనెల్లా బ్యాక్టీరియా ఉండవచ్చు. ఐదేళ్ల లోపు పిల్లలకు బాతుల్ని చేతికివ్వకండి, ముద్దు పెట్టుకోనివ్వకండి. బాతుల గిన్నెలు వంటగది సింకులో కడగొద్దు. అడవి బాతులు దిగే చోటికి మీవాటిని వదలకండి, బర్డ్ ఫ్లూ అక్కడి నుంచి రావచ్చు.

తరచూ జరిగే పొరపాట్లు

కోళ్లతో కలిపి ఒకే గూట్లో పెట్టడం. పగలు ఒకే పెరట్లో తిరగొచ్చు గానీ రాత్రి వేరుగా ఉంచండి. బాతుల తడి కోళ్లకు పడదు. మగ బాతు కోడిపెట్టల మీదికి పోతే వాటికి లోపల గాయాలవుతాయి.

తొట్టి నీళ్లు ఎండాకాలంలో రోజుల తరబడి వదిలేయడం. నిలవ నీళ్లలో, కుళ్లిన కళేబరాల్లో, వాటి పురుగుల్లో బొటులిజం విషం పుడుతుంది. మొదట కాళ్లు, తర్వాత మెడ పట్టు తప్పి వాలిపోతుంది.

పెంచలేక చెరువులో వదిలేయడం. ఇంటి బాతుకు మేత వెతుక్కోవడం రాదు, బరువు వల్ల ఎగిరి తప్పించుకోలేదు. దయ అనుకుని చేసే ఈ పని వాటిని చంపడమే. పెంచేవాళ్లను వెతికి అప్పగించండి.

వారానికోసారి చూడాల్సినవి

ఒక్కో బాతును కాటా మీద తూచి రాసి పెట్టుకోండి. బాతులు జబ్బును చివరిదాకా దాస్తాయి. బరువు తగ్గడం వాటి నడవడిక మారకముందే బయటపడుతుంది. తర్వాత పాదాలు తిప్పి చూడండి. అరికాలిలో నల్లటి పొక్కు, వాపు, వేడి ఉంటే అది బంబుల్‌ఫుట్, గట్టి సిమెంటు నేల మీద ఎక్కువ తిరిగే బరువు బాతులకు వస్తుంది. మొదట్లో మెత్తని పొడి నేల, శుభ్రమైన నీళ్లతో కుదుటపడవచ్చు. పొక్కును మీరే కోయకండి. కళ్లు స్పష్టంగా, ముక్కు శుభ్రంగా, తోక కింద ఈకలు పొడిగా ఉన్నాయో లేదో చూడండి.

డాక్టర్ దగ్గరికి అదే రోజు వెళ్లాల్సినవి

- మేత పూర్తిగా మానేయడం, మెడ వాలిపోవడం
- ముక్కు తెరిచి, తోక ఊపుతూ ఊపిరి పీల్చడం
- ఆడ బాతు ముక్కుతూ ఒకేచోట కూర్చుండిపోవడం, గుడ్డు రాకపోవడం
- కుక్క, పిల్లి కరవడం. పైకి చిన్న గాయంగా కనిపించినా సరే
- ఒకటికి మించి బాతులు ఒకేసారి హఠాత్తుగా చనిపోవడం. అప్పుడు కళేబరాల్ని చేత్తో ముట్టుకోకుండా ముందు ఫోన్ చేసి చెప్పండి

తీసుకెళ్లేటప్పుడు తువ్వాలు పరిచిన పెట్టెలో పెట్టి గాలికి కన్నాలు ఉంచండి. మీరు రాసుకున్న బరువుల చీటీ, వాడుతున్న దాణా సంచి మీది లేబుల్ ఫొటో, ఆ రోజు రెట్ట ఫొటో వెంట ఉంటే డాక్టర్ పని సగం తగ్గుతుంది. తిరిగొచ్చాక దాన్ని వేరుగా ఉంచాల్సి వస్తే, అంటువ్యాధి కాదని డాక్టర్ చెప్పిన పక్షంలో, మిగతావి కనిపించేలా జాలీ అవతల పెట్టండి. తోడు కనిపిస్తే మేత ముట్టుకుంటుంది.